300 మిల్లీమీటర్ల సందు చాలలేదు: ఫాల్ట్ పక్కన కట్టిన ఒక ఆసుపత్రి కేసు

విజయనగరంలో మాది చిన్న స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు. ఐదుగురం. రోజూ చేతిలో ఉండేవి అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, రైస్ మిల్లు షెడ్లు. ఈ కేసు మాత్రం మా జిల్లాది కాదు, హిమాలయాల పాదాల దగ్గర ఒక పట్టణంలోది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు, మొదటి డిజైన్ ఎవరు చేశారు అన్నది రాయను. కొన్ని కొలతలు కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా కాస్త మార్చాను, లెక్క మాత్రం చెడకుండా.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, చదువు కోసం ఉత్తరాదికి వెళ్ళి అక్కడే స్థిరపడిన ఒక డాక్టరు గారు ఐదంతస్తుల ఆసుపత్రి కట్టిస్తున్నారు. భూకంపం వచ్చినా ఆపరేషన్ థియేటర్ ఆగకూడదన్నది ఆయన పట్టుదల. దానికి కారణం 2001 భుజ్ భూకంపం. అక్కడి సివిల్ ఆసుపత్రి కూలిపోయి, సరిగ్గా అవసరమైన రోజునే ఊరికి ఆసుపత్రి లేకుండా పోయింది. తర్వాత అక్కడే న్యూజిలాండ్ నుంచి తెచ్చిన లెడ్ రబ్బర్ బేరింగుల మీద కొత్త ఆసుపత్రి కట్టారు. డాక్టరు గారు అది చదివి, తనదీ అలాగే కట్టాలని నిర్ణయించుకున్నారు. డిజైన్ అయిపోయింది, పునాది తవ్వకమూ అయింది, బేరింగులు ఆర్డర్ పెట్టే ముందు మాకు ఫోన్ చేశారు. "వాళ్ళు చెప్పింది ఇంగ్లిష్‌లో విన్నాను బాబూ, మన భాషలో ఒకసారి చూసి చెప్పు" అన్నారు.

మాకు చెప్పిన పని అంతే, ఒకసారి చూసి చెప్పడం. దానికే పద్నాలుగు నెలలు పట్టింది.

బేస్ ఐసొలేషన్ గురించి తెలియని వాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. భవనాన్ని పునాది దగ్గర అడ్డంగా విడదీసి, ప్రతి స్తంభం కింద ఒక మెత్తటి బేరింగు పెడతాం. సగానికి కోసిన బేరింగుని నేను ఒక ఫ్యాక్టరీలో చూశాను. వేలు మందం నల్ల రబ్బరు పొర, దాని మీద పల్చటి ఇనప రేకు, మళ్ళీ రబ్బరు, మళ్ళీ రేకు, ఇలా పాతిక ముప్పై పొరలు, మధ్యలో నిలువుగా సీసపు దిమ్మ. గోరుతో నొక్కితే సీసం మీద గీత పడింది. బరువు మోసేటప్పుడు ఆ రేకులు రబ్బరుని ఉబ్బనివ్వవు, కాబట్టి నిలువుగా బండలా ఉంటుంది, అడ్డంగా మాత్రం సాగుతుంది. సీసం అటూ ఇటూ వంగుతూ శక్తిని వేడిగా మార్చి మింగేస్తుంది. 1970ల్లో న్యూజిలాండ్‌కి చెందిన బిల్ రాబిన్సన్ కనిపెట్టిన ఉపాయం ఇది. భవనాల్లో మొదటిసారిగా 1981లో వెల్లింగ్టన్‌లో విలియం క్లేటన్ బిల్డింగ్‌కి వాడారు.

మామూలు ఐదంతస్తుల కాంక్రీటు భవనం ఒకసారి ఊగి రావడానికి అర సెకను పైచిలుకు పడుతుంది. భూకంపాల్లో ఎక్కువ బలం ఉండేది సరిగ్గా ఆ లయలోనే. బేరింగుల మీద పెడితే అదే భవనం రెండున్నర సెకన్లకి ఒకసారి నింపాదిగా ఊగుతుంది, కింద నేల టకటకా కొట్టుకుంటున్నా పైన పెద్దగా తెలియదు. ఇది నిజంగానే పనిచేస్తుంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజెలస్‌లోని యూఎస్‌సీ ఆసుపత్రి బేరింగుల మీద ఉంది, దాని పైకప్పు కింది నేల కంటే తక్కువ కుదుపుకి లోనైంది. అదే భూకంపంలో బేరింగులు లేని ఆలివ్ వ్యూ ఆసుపత్రి స్తంభాలూ గోడలూ నిలబడ్డాయి గానీ లోపల నీళ్ళ గొట్టాలు పగిలి, రోగుల్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

అయితే యూఎస్‌సీ ఆసుపత్రి భూకంప కేంద్రానికి ముప్పై కిలోమీటర్లకి పైగా దూరంలో ఉంది. మా డాక్టరు గారి స్థలం, మ్యాపు మీద ఫాల్ట్ (భూకంపం పుట్టే నేల పగులు) గీతకి 7 కిలోమీటర్లు.

మొదట చూసినప్పుడు తప్పేమీ కనబడలేదు

ముందు డిజైన్ చేసిన వాళ్ళ లెక్క శుభ్రంగానే ఉంది. భూకంప కోడ్ (ఐఎస్ 1893) ప్రకారం ముప్పు ఎక్కువున్న జోన్ 5 కాబట్టి ఫ్యాక్టర్ 0.36, దాన్ని సగం చెయ్యకుండా పూర్తిగా తీసుకున్నారు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. మీడియం నేలకి 2.5 సెకన్ల దగ్గర 1.36ని 2.5తో భాగిస్తే 0.544 వస్తుంది. రెండూ గుణిస్తే 0.196 జీ (జీ అంటే భూమి గురుత్వ త్వరణం). బేరింగుల డ్యాంపింగ్, అంటే ఊపుని అణిచే గుణం, 20 శాతం కాబట్టి ఒకటిన్నరతో భాగిస్తే 0.13 జీ. దాన్ని కదలికలోకి మారిస్తే 200 మి.మీ., మెలి తిరగడానికి ఇంకో 20 శాతం కలిపితే 240. భవనం ఊగడానికి చుట్టూ వదిలిన సందు 300. ఏడు భూకంపాల రికార్డులతో కంప్యూటర్ మీద కూడా నడిపారు, సగటు 235 వచ్చింది. చేతి లెక్కా కంప్యూటరూ ఒకే మాట చెప్పాయి. అలా కలిసినప్పుడే మనసు కుదుటపడి ఫైలు మూసేస్తాం, నేనూ దాదాపు మూసేశాను.

మా ఆఫీసులో అప్పుడే చేరిన అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, ఈ ఏడు రికార్డులూ ఫాల్ట్‌కి ఎంత దూరంలో తీసినవి?" చూస్తే దగ్గరిది 40 కిలోమీటర్లు, దూరంది 90. అన్నిటినీ రెండు రెట్లు, రెండున్నర రెట్లు పెంచి కోడ్ గీతకి సరిపెట్టారు.

ఈ కేసంతా ఆ ప్రశ్న నుంచే మలుపు తిరిగింది. ఫాల్ట్ ఒక్కసారిగా తెగదు, ఒక చివర మొదలై జిప్పు విప్పినట్టు తెగుతూ వెళ్తుంది. ఆ తెగే వేగం నేలలో అడ్డ తరంగాలు పోయే వేగానికి కాస్త తక్కువ, అంతే. అందుకని తెగుతూ వస్తున్న వైపు నిలబడ్డ వాళ్ళకి, దారిలో పుట్టిన తరంగాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని దాదాపు ఒకేసారి వచ్చి పడతాయి. అరనిమిషం పాటు గలగలలాడే కుదుపు కాదది, రెండు మూడు సెకన్ల పాటు సాగే ఒకే ఒక పెద్ద తోపు. దాన్నే పల్స్ అంటాం. ఫాల్ట్ గీతకి అడ్డంగా ఉన్న దిశలో అది ఎక్కువ. దూరపు రికార్డుని రెండు రెట్లు చేస్తే గలగల రెండు రెట్లవుతుంది గానీ అందులోంచి పల్స్ పుట్టదు.

బేస్ ఐసొలేషన్‌కి ఇదెందుకు ప్రమాదం అంటే, భూకంపం మాగ్నిట్యూడ్ ఆరున్నర నుంచి ఏడు దాకా ఉంటే ఆ పల్స్ నిడివి సుమారు రెండు నుంచి మూడున్నర సెకన్లు ఉంటుంది. మనం భవనాన్ని ఏ లయలోకి తీసుకెళ్ళి దాచామో, పల్స్ వచ్చేది సరిగ్గా ఆ లయలోనే. ఊయలని ఊపేవాడికి ఎప్పుడు తొయ్యాలో తెలుసు కదా, అలా అన్నమాట.

మోడల్ ముట్టుకోకముందే ఒక చేతి లెక్క వేశాను. 1997 నాటి అమెరికా భవన నిర్మాణ కోడ్ యూబీసీలో ఫాల్ట్ దగ్గరి స్థలాలకి ఒక గుణకం ఉంది. పెద్ద ఫాల్ట్‌కి 5 కిలోమీటర్ల దగ్గర 1.6, 10 కిలోమీటర్ల దగ్గర 1.2. మా 7 కిలోమీటర్లకి మధ్యస్థంగా 1.44 వస్తుంది. 240ని దాంతో గుణిస్తే 346, సందేమో 300. కాగితం మీద రెండు వరసల్లోనే డిజైన్ చాలదని తేలిపోయింది. ఈ రెండు వరసలు అప్పటిదాకా ఎవరూ వెయ్యలేదు, ఫైలు మూసేయబోయిన నాతో సహా.

తర్వాత రికార్డులు మార్చాం. 1979 ఇంపీరియల్ వ్యాలీ నుంచి ఎల్ సెంట్రో ఆరో నంబరు స్టేషను, 1992 లాండర్స్ నుంచి లూసర్న్, నార్త్‌రిడ్జ్ నుంచి రినాల్డి, సిల్మార్, 1995 కోబే నుంచి టకాటోరి, 1999 తైవాన్ చిచి భూకంపం నుంచి రెండు. చిచి రికార్డుల కోసం కాస్త పట్టుబట్టాను, ఎందుకంటే అక్కడి ఫాల్ట్ కూడా హిమాలయాల కింద ఉన్నట్టు ఒక పలక ఇంకో పలక మీదికి ఎక్కే రకం. మిగతావాటిలో నార్త్‌రిడ్జ్ తప్ప అన్నీ పక్కపక్కనే జారే రకాలు. రికార్డుల్ని ఫాల్ట్‌కి అడ్డంగా ఉండే దిశకి తిప్పి, బేరింగుల గుణాల్లో మెత్తటి అంచుని తీసుకుని నడిపాం. సగటు 470 మి.మీ. వచ్చింది, అన్నిటికంటే పెద్దది 610.

సందు చాలకపోవడం ఒకటే కాదు సమస్య. బేరింగు వ్యాసం 650, రబ్బరు మొత్తం ఎత్తు 180. బేరింగు పై పలక పక్కకి 240 జరిగినప్పుడు కింది పలక మీద ఇంకా సగానికి పైగా నిలిచి ఉంటుంది. 470 జరిగితే పైదీ కిందదీ ఎదురెదురుగా ఉండేది ఆరో వంతే. స్తంభం బరువంతా ఆ ఆరో వంతు మీద! ఆ బొమ్మ గీసి గోడకి అంటించాం, అది చూశాక లెక్కలతో ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. ఇక 300 దాటి గోడకి కొట్టుకున్నప్పుడు ఏమవుతుందో కూడా మోడల్‌లో పెట్టి చూశాం. 0.2 జీ దగ్గర ప్రశాంతంగా ఉన్న పై అంతస్తు ఆ క్షణంలో 1 జీ దాటింది. బేరింగులు లేకుండా కట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

ఏమేం ప్రయత్నించాం

మొదట అందరికీ తోచేదే మాకూ తోచింది: సందు 600 చేసేద్దాం. మూడు వైపులా వీలైంది. నాలుగో వైపు పాత ఓపీ బ్లాకు గోడ ఉంది, జరపడానికి లేదు. పైగా సందు పెంచినంత మాత్రాన బేరింగు పెరగదు కదా. ఆ దారి సగంలో ఆగింది.

రెండోది డ్యాంపర్లు. కారు షాక్ అబ్జార్బర్ లాంటివే, పెద్దవి. డ్యాంపింగ్ 40 శాతానికి తీసుకెళ్తే కదలిక సగటు 350కి దిగింది. ఆ రోజు ఆఫీసులో అందరం సంతోషపడ్డాం. రెండ్రోజుల తర్వాత ఓ మోస్తరు భూకంపాలతో నడిపి చూస్తే పై అంతస్తు త్వరణం 0.15 జీ నుంచి 0.27కి ఎక్కింది. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. డ్యాంపర్ వేగానికి ఎదురు నిలబడుతుంది, నేల టకటకా కదిలినప్పుడు అది దాదాపు గట్టి కడ్డీలా మారి ఆ కుదుపుని నేరుగా పైకి చేరవేస్తుంది. మెత్తదనం కోసం బేరింగులు కొని, ఆ మెత్తదనాన్ని డ్యాంపర్లతో కట్టేసినట్టవుతుంది. బేరింగుల మీద ఎక్కువ డ్యాంపింగ్ మేలు కంటే కీడే చెయ్యొచ్చని బర్కిలీకి చెందిన జేమ్స్ కెల్లీ 1999లోనే చెప్పారు. నేను అది చదివాను కూడా. చదివింది మన సొంత గ్రాఫులో కనబడే దాకా ఒంటికి పట్టదు. నూరేళ్ళకి ఒకసారి వచ్చే పల్స్ కోసం, పదేళ్ళకి ఒకసారి వచ్చే కుదుపులో ఆపరేషన్ థియేటర్‌ని పణంగా పెట్టాలా? వద్దనుకున్నాం.

మూడోది ఇంకా మెత్తగా, మూడున్నర సెకన్లకి తీసుకెళ్ళడం. పుస్తకం ప్రకారం మెత్తన పెరిగితే బలం తగ్గాలి. బలం తగ్గింది నిజమే, కదలిక మాత్రం ఇంకా పెరిగింది. మాగ్నిట్యూడ్ పెరిగేకొద్దీ పల్స్ కూడా పొడుగవుతుంది, కాబట్టి మనం ఎంత దూరం పారిపోతే అదీ అంత దూరం వెంటపడుతుంది. 2015 నేపాల్ భూకంపంలో ఖాట్మండు లోయలో తీసిన రికార్డు చూస్తే ఇది తెలుస్తుంది. త్వరణం 0.16 జీ దగ్గరే, కానీ ఐదారు సెకన్ల నిడివి గల ఊపు. అందుకే అంత పెద్ద భూకంపం నగరం కిందనుంచి పోయినా తక్కువ ఎత్తు ఇళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువే నిలిచాయి. ఆ ఊపు మీద మెత్తటి భవనం పెడితే ఎలా ఉంటుందో మోడల్‌లో చూసుకున్నాక ఈ మూడో దారి కూడా మూసేశాం.

అప్పటికి ఆరు నెలలు గడిచాయి. అక్కడ గొయ్యి అలాగే ఉంది, వానలకి ఒక అంచు కూలింది. డాక్టరు గారికి టెన్షన్, మాకు అంతకంటే ఎక్కువ.

సిరిమాను రోజు

ఆ ఏడు దసరా తర్వాత మంగళవారం విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి డాక్టరు గారు వచ్చి, మా ఆఫీసుకీ వచ్చారు. కోట వైపు జనంలో నిలబడి సిరిమాను చూస్తుంటే నేను నాలుగు నెలలుగా ఫోన్‌లో చెప్పలేకపోయిన మాట అక్కడ దొరికింది. పొడుగాటి మాను, దాని కొసన కూర్చున్న పూజారి. కింద బండి రాళ్ళ మీద గడగడలాడినా పైన ఆయనకి పెద్దగా తెలియదు, మాను ఆ గడగడని పైకి పోనివ్వదు. అదే బండి ఒక్కసారి ముందుకి పెద్దగా కదిలి ఆగితే కొస ఎంత దూరం ఊగిందో చూడండి. "అదే మన ఆసుపత్రి. కదలకుండా ఆపలేం. ఊగడానికి చోటివ్వాలి, అంతే" అన్నాను.

ఆయన చాలాసేపు చూసి, "చోటంటే ఎంత?" అన్నారు.

నాలుగో వైపు ఒక వరస స్తంభాలు తీసెయ్యాలి అని చెప్పాను. ఆ వరసలో పన్నెండు పడకలు, మందుల షాపు. పడకల్ని, షాపుని పక్కన విడిగా ఒకే అంతస్తు బ్లాకులో, బేరింగులు లేకుండా కట్టుకోవచ్చు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి సరే అన్నారు. ఈ కేసులో అన్నిటికంటే బరువైన నిర్ణయం అదే, తీసుకున్నది ఇంజనీరు కాదు.

చోటు దొరికాక మిగతాది ఒకదాని వెంట ఒకటి కుదిరింది. బేరింగుల సంఖ్య తగ్గించి సైజు పెంచాం: వ్యాసం 900, రబ్బరు ఎత్తు 260. తక్కువ బరువు మోసే స్తంభాల కింద రబ్బరు బదులు జారే స్లైడర్లు పెట్టాం, అవి బరువు మోస్తాయి, కాస్త రాపిడి ఇస్తాయి, బిరుసు పెంచవు. డ్యాంపర్లు పూర్తిగా వదల్లేదు, మోస్తరు కుదుపులో పై అంతస్తు 0.18 జీ దాటకూడదని గీత గీసుకుని ఆ గీత లోపల ఎన్ని పడితే అన్నే పెట్టాం. సగటు కదలిక 410కి వచ్చింది, మెలితో కలిపి 450. సందు నాలుగు వైపులా 550. 450 జరిగినా కొత్త బేరింగులో నలభై శాతం దాకా ఎదురెదురుగానే ఉంటుంది. దానికీ మించిన తోపు వస్తే గోడకి గట్టిగా తగలకుండా రబ్బరు దిండ్లు బిగించాం. నమూనా బేరింగుల్ని ఫ్యాక్టరీలో 550 దాకా లాగి చూపించాలని ఆర్డర్‌లోనే రాశాం. ఫాల్ట్ దగ్గర నిలువు కుదుపు కూడా గట్టిగా ఉంటుంది, మెట్ల గోడల మూలల్లో బేరింగులు పైకి లాగబడే పరిస్థితి వచ్చింది. రబ్బరు బేరింగు నొక్కుడు బాగా తట్టుకుంటుంది గానీ లాగుడు అంతగా తట్టుకోలేదు, కాబట్టి ఆ గోడల్ని విడగొట్టి బరువు సర్దాం.

సైటు మీద

డ్రాయింగులో గెలిచింది సైటులో ఓడిపోవచ్చు. ఫినిషింగ్ దశలో నేను వెళ్ళినప్పుడు ముఖద్వారం దగ్గర ర్యాంపు మీద చక్కటి గ్రానైట్ పలకలు ఇటు నుంచి అటు దాకా పరిచేసి, మధ్య గాడిలో సిమెంటు నింపేశారు. చూడ్డానికి బాగుంది. కింద 550 సందు ఉన్నట్టే తెలియడం లేదు. నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజెలస్ కౌంటీ ఫైర్ కమాండ్ భవనానికి అచ్చం ఇలాగే జరిగింది. బేరింగుల మీదున్న భవనం, ప్రవేశం దగ్గర సందుకి అడ్డుగా ఫినిషింగ్ పలకలు, భవనం కదలబోయి అక్కడ కొట్టుకుంది. పెద్ద ఖర్చుతో కట్టిన వ్యవస్థని నాలుగు పలకలు అడ్డుకున్నాయి.

సైటులో మేస్త్రీ టెక్కలి వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా వలస పనుల్లో ఉన్నాడు. అడిగితే, "బాబూ, ఇంత సందు వొగ్గేస్తే నీలెల్లిపోవా? పురుగూ పుట్రా దూరవా? అందుకే మూసీసినాం" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ సందు దేనికో అతనికి ఎవరూ చెప్పలేదు. డ్రాయింగులో రాశాం, ఇంగ్లిష్‌లో, పదో షీటులో. కూర్చుని అదే సిరిమాను మాట చెప్పాను. అతను లేచి నేరుగా ఆక్సిజన్ లైను దగ్గరికి తీసుకెళ్ళి, "మరయితే ఇదీ తెగిపోద్ది కదా బాబూ" అన్నాడు. గొట్టం సందు మీదుగా తిన్నగా, బిగుతుగా పోతోంది. నేను దాని పక్కనుంచి రెండుసార్లు నడిచాను, చూడలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి సందు దాటే ప్రతి గొట్టాన్నీ, కేబుల్‌నీ, మురుగు లైనునీ సుద్దముక్కతో గుర్తుపెట్టాం. పదిహేడు వచ్చాయి. అన్నిటికీ 550 సాగే జాయింట్లు పెట్టించాం, ర్యాంపు మీద ఒక పక్కే బిగించి రెండో పక్క జారే రేకు వేయించాం.

ఇప్పుడు మన దగ్గర కూడా కొందరు బేస్ ఐసొలేషన్ పెట్టమని అడుగుతున్నారు, వాళ్ళకి ఒక మాట. ఒంగోలు 1967, భద్రాచలం 1969 లాంటివి తెలుగు నేల మీదా వచ్చాయి, కాబట్టి భూకంపం మనకి రాదని అనను. కానీ ఈ కేసు నడిచిన రోజుల్లో చేతిలో ఉన్న 2016 కోడ్ ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జోన్ 2, ఫ్యాక్టర్ 0.10. తిత్లీ, హుద్‌హుద్ తుఫాన్లు చూసిన తీరం మనది. ఇక్కడ మామూలు ఐదంతస్తులకి ఆ డబ్బు స్తంభాల దగ్గర రింగులు సరిగ్గా కట్టించడానికి, గాలికి తట్టుకునే కిటికీలకి పెట్టండి, ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. 2022లో బేస్ ఐసొలేషన్‌కి ప్రత్యేకంగా ఐఎస్ 1893 ఆరో భాగం వచ్చింది. ఈ పని చెయ్యదలచిన కుర్రాళ్ళు అది ముందు పెట్టుకుని, స్థలం ఫాల్ట్‌కి ఎన్ని కిలోమీటర్లో మొదటి పేజీలోనే రాసుకోండి.

ఆసుపత్రి పనిచేస్తోంది. పెద్ద భూకంపం ఇంకా చూడలేదు. ఒకసారి చిన్నది వస్తే డాక్టరు గారు కంగారుగా ఫోన్ చేశారు, "ఇంత ఖర్చు పెట్టాం, అయినా ఊగింది కదా బాబూ" అని. చిన్న కుదుపుకి సీసపు దిమ్మ లొంగదు, అప్పుడు భవనం మామూలు భవనంలాగే ప్రవర్తిస్తుంది, గాలికి కదలకుండా ఉండాలంటే అలాగే ఉండాలి అని చెప్పాను. ఈ మాట ప్రారంభోత్సవానికి ముందే చెప్పి ఉండాల్సింది. ఏటా ఒకసారి నాలుగు వైపులా సందు కొలిచి ఫోటోలు పంపుతారు. కిందటి నెల వచ్చిన ఫోటోల్లో ఉత్తరం వైపు ఒక ఏసీ డబ్బా, దాని ఇనప స్టాండు ఒక కాలు భవనం మీద, ఇంకో కాలు సందు అవతల గోడ మీద బోల్టులతో బిగించి ఉంది. ఫోన్ చేశాను, తీయిస్తామన్నారు. తీసిన ఫోటో ఇంకా రాలేదు, రేపు మళ్ళీ చెయ్యాలి.